గోడ పక్కన నిలబడ్డవాడు

నన్ను మా ఆస్పత్రిలో మిరపకాయ సిస్టర్ అంటారు. నా వెనకాల అంటారు లెండి, మొహాన అనే దమ్ము ఎవరికీ లేదు. ఎమర్జెన్సీ గుమ్మంలో కూర్చునే మనిషికి నోరు మెత్తనైతే ఒక్క పూట గడవదు. వచ్చిన ప్రతివాడికీ తన నొప్పే అన్నిటికంటే పెద్దది. వేలు తెగినవాడు కూడా ఊపిరాడనివాణ్ణి మోచేత్తో నెట్టి ముందుకొస్తాడు. వీళ్ళలో ఎవరిని ముందు చూడాలి, ఎవరు కాసేపు ఆగినా ప్రాణానికి ముప్పు లేదు అన్నది తేల్చడం నా పని. తేల్చినందుకు తిట్లు తినడం కూడా అందులో భాగమే.

నాతోపాటు బల్ల దగ్గర ఉండే ఆవిడ నెమ్మది సిస్టర్. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారైనా గొంతు పెంచి ఎరగదు. మా ఇద్దర్నీ కలిపి మళ్ళీ సమానంగా పంచితే ఇద్దరు మామూలు మనుషులు తయారవుతారని డ్యూటీ డాక్టరుగారు హాస్యమాడుతుంటారు. ఇక మూడో మనిషి స్ట్రెచర్ తాత. పేరుకే తాత, ఎంతటివాణ్ణయినా ఎత్తి బల్ల మీద వేసే సత్తువ ఆయన రెక్కల్లో ఇంకా ఉంది.

ఆ పూట గుమ్మం ఖాళీగానే ఉంది. దగ్గుతున్న ముసలావిడ ఒకరు, జ్వరం బిడ్డని భుజాన వేసుకున్న తండ్రి ఒకరు. అంతే. అప్పుడు వచ్చింది లారీ. హారన్ మీద చెయ్యి తీయకుండా వెనక్కి వెనక్కి వచ్చి మా మెట్లని గుద్ది ఆగింది. టోకు మార్కెట్లో కొట్లాట. సరుకు దించే హక్కు మాదేనని హమాలీలు, మా మనుషుల చేత దించుకుంటే మీకేంటని లారీ డ్రైవర్లు. మాటలతో తేలక, హమాలీలు మూటలు లాగే కొక్కేలు తీశారు. డ్రైవర్లు టైరు లివర్లూ స్క్రూడ్రైవర్లూ తీశారు. కొట్టినవాళ్ళనీ తిన్నవాళ్ళనీ వేరు చెయ్యకుండా అందర్నీ ఒకే లారీలో కుక్కి మా మీదికి తోలిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియలేదు. దొరికితే వాడిక్కూడా నాలుగు కుట్లు పడే ఏర్పాటు చేస్తాను.

లారీ వెనక తలుపు పూర్తిగా తెరుచుకోకముందే పైనుంచి ఒకడు దూకాడు. వాడి వీపు మీద ఇంకొకడు దూకాడు. ఇద్దరూ మెట్ల మీద దొర్లుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడ్డారు. కిందివాడు పైవాడి చెవి పళ్ళతో పట్టుకుని వదలడం లేదు. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడో లేదో దవడ మీద గుద్దు పడింది. విజిల్ ఒకచోట, పన్ను ఒకచోట. కిటికీ అద్దం భళ్ళున పగిలి ముక్కలు జ్వరం బిడ్డ పక్కనే పడ్డాయి. ఆ తండ్రి బిడ్డని గుండెకి అదుముకుని బల్ల కింద దూరాడు. నెత్తురు మీద కాళ్ళు జారి కొందరు పడ్డారు. పడ్డవాళ్ళని తొక్కుకుంటూ మిగిలినవాళ్ళు కొట్టుకున్నారు. వచ్చింది ఆస్పత్రికన్న స్పృహ ఒక్కడికీ లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కుర్చీ ఎక్కాను. సెలైన్ స్టాండు తీసి ఇనప బీరువా మీద శక్తికొద్దీ బాదాను. ఆ మోతకి ఒక్క క్షణం అందరూ తలలు తిప్పారు. ఆ క్షణం చాలు నాకు.

"తన కాళ్ళ మీద తాను నడవగలిగినవాడల్లా ఆ గోడ పక్కకి పొండి. హమాలీలు ఈ చివర, డ్రైవర్లు ఆ చివర. ఇప్పుడు కదలనివాడికి సాయంత్రం దాకా మందూ లేదు, మాకూ లేదు."

ఇది నా సొంత తెలివేమీ కాదు. జనం గుంపుగా వచ్చి పడ్డప్పుడు ముందు చెయ్యాల్సింది ఇదే. తన కాళ్ళ మీద నడిచి వెళ్ళినవాడికి ఊపిరి ఆడుతోంది, రక్తం మెదడుకి అందుతోంది, చెప్పింది అర్థమవుతోంది. వాడు ఆగగలడు. నేల మీద మిగిలిపోయినవాడి దగ్గరికే మనం ముందు పోవాలి. ఊపిరి చూడాలి, నాడి చూడాలి, పిలిస్తే పలుకుతున్నాడో లేదో చూడాలి. ఎవడెంత గొంతు చించుకుంటున్నాడన్నది పట్టించుకోకూడదు. అదయ్యాక మళ్ళీ గోడ దగ్గరికి పోయి నడిచినవాళ్ళని ఇంకోసారి చూడాలి. ఇందాక బాగున్న మనిషి ఇప్పుడూ బాగుంటాడన్న హామీ ఏమీ లేదు.

తిట్టుకుంటూనే కదిలారు. నేల మీద ముగ్గురు మిగిలారు. ఒకడికి తొడ ఎముక విరిగింది. ఒకడు డ్రైవర్ల తాలూకు క్లీనరు, నడివయసు మనిషి. ఛాతీ మీద ఏదో బలంగా తగిలింది. పెదాలు నల్లబడ్డాయి, రొమ్ము ఒక పక్క లేస్తోంది, ఇంకో పక్క లేవడం లేదు. నోరు తెరిచి గాలి కోసం చేపలా కొట్టుకుంటున్నాడు కానీ చప్పుడు లేదు. మూడోవాడికి తల చర్మం చీలింది. మొహమంతా నెత్తురు. చూస్తే గుండె జారుతుంది. కానీ తల చర్మం చిన్న దెబ్బకే అంతలా కారుతుంది. వాడు నిక్షేపంలా అమ్మనీ అబ్బనీ తలుచుకుంటూ డ్రైవర్ల వంశం మొత్తాన్ని తిడుతున్నాడు.

"క్లీనర్ని ముందు తీసుకుపో తాతా" అన్నాను.

అంతే. తల పగిలినవాడి పక్కనుంచి ఒక ఆకారం లేచింది. హమాలీల మేస్త్రి. తలుపు అంత మనిషి. మూటలు మోసి మోసి మెడ వెనక కాయ కాసింది. తల పగిలినవాడు ఆయన అక్క కొడుకు.

"మా మేనల్లుడు నెత్తుటి మడుగులో ఉంటే ఆ డ్రైవర్ల కుక్కని ముందు పంపిస్తావేంటే?"

"ఏంటే గీంటే అన్నావంటే నాలిక కోసి ఇదే బల్ల మీద కుడతా. వాడికి ఊపిరాడటం లేదు. నీ మేనల్లుడు ఆగుతాడు."

మేస్త్రి బల్లని రెండు చేతులా ఎత్తి గోడకేసి కొట్టాడు. సీసాలు పగిలి స్పిరిటు వాసన గుప్పుమంది. నెమ్మది సిస్టర్ ఆ మేనల్లుడి తలకి గుడ్డ అదిమి పట్టుకుని ఉంది. మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు, డాక్టర్ని పిలవమని. ఎముక కలుక్కుమనడం నాకు వినిపించింది. ఆవిడ అప్పుడు కూడా అరవలేదు, పళ్ళు బిగించింది. నా చేతికి స్టీలు ట్రే దొరికింది. దాని అంచుతో మేస్త్రి వేళ్ళ మీద కొట్టాను, చెయ్యి వదిలేదాకా కొట్టాను. వదిలి, అదే చేత్తో నా చెంప మీద ఒకటి ఇచ్చాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. నోట్లో ఉప్పగా నెత్తురు. భయం తర్వాత వేసింది కానీ అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోటి కొట్టు" అన్నాను. "కొట్టి చూడు. ఈ గుమ్మంలో నేను పడిపోతే నీ వాళ్ళని చూసే దిక్కు కూడా ఉండదు."

ఎత్తిన చెయ్యి దించాడు. సిగ్గుపడి దించాడని అనుకోను, లెక్క వేసుకుని దించాడు. ఈలోపు తాత క్లీనర్ని లోపలికి తోసేశాడు. డాక్టరుగారు అతని రొమ్ములో సూది గుచ్చి గాలి తీశారట, అప్పుడు మొదటి కేక వేశాడు. ఆ కేక గుమ్మం దాకా వినబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తొడ విరిగినవాడికి బద్దలు కట్టించి, నెమ్మది సిస్టర్ చేతికి నేనే కట్టు చుట్టి, గోడ దగ్గరికి రెండోసారి వెళ్ళాను.

డ్రైవర్ల చివర అందరూ కూలబడ్డారు. గడ్డం డ్రైవరు, అంటే వాళ్ళలో పెద్దతను, తెగిన చెవిని రుమాలుతో పట్టుకుని గొణుగుతున్నాడు. ఇందాక మెట్ల మీద దొర్లుతూ ఆ చెవి కొరికింది మేస్త్రే. హమాలీల చివర కూడా అందరూ చతికిలబడ్డారు. ఒక్కడు తప్ప. అతను గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. నడుముకి తుండుగుడ్డ బిగించి కట్టుకున్నాడు. ఏదో జోకు చెబుతున్నాడు, పక్కవాళ్ళు దెబ్బలు మరిచి నవ్వుతున్నారు.

"ఇతనెవరు?"

"మా జంటమూట అక్కా" అన్నాడు ఒక హమాలీ గర్వంగా. "మేస్త్రి సొంత తమ్ముడు. అందరం ఒక మూట మోస్తే ఈయన ఒకేసారి రెండు మోస్తాడు."

"బాబూ, నువ్వెందుకు కూర్చోలేదు?"

"కూర్చుంటే బద్ధకం అలవాటవుతుందక్కా" అని నవ్వాడు. "కాసిని మంచినీళ్ళు ఇప్పించు. నాలుక పిడచకట్టుకుపోతోంది."

ఆ మాట నాకు నచ్చలేదు. దెబ్బలాటలో అందరికీ దాహం వేస్తుంది, నిజమే. కానీ ఇతని నుదుటి మీద పోసిన చెమట ఎండకి పోసే చెమట కాదు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది. నాడి సన్నగా, పట్టు దొరక్కుండా పరిగెడుతోంది. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడ్డ గోరు ఎంతకీ ఎర్రబడటం లేదు. తుండుగుడ్డ లాగాను. ఎడమ పక్క, పక్కటెముకల కింద, చిన్న రంధ్రం. స్క్రూడ్రైవరు దిగినంత. నెత్తురు పెద్దగా లేదు. కడుపు మీద చెయ్యి వేస్తే చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

నెత్తురంతా లోపలే కారుతోంది. అతను కూర్చోకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది నాకు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని అతనికి ముందే తెలుసు.

"తాతా, స్ట్రెచర్" అని కేక పెట్టాను. "ఆపరేషన్ థియేటర్‌కి చెప్పండి. ఇప్పుడే, ఈ క్షణమే."

చక్రాల బండ్లన్నీ లోపల ఉన్నాయి. తాత చేతులతో మోసే గుడ్డ స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దాన్ని చూడగానే జంటమూట మొహంలో నవ్వు పోయింది. నడుం వెనక నుంచి కొక్కెం తీశాడు.

"దాన్ని నా దగ్గరికి తేవద్దు తాతా. నీ మీద నాకేం కోపం లేదు."

"పిచ్చా నీకు? పడుకో" అన్నాను.

"నడిచి వస్తానక్కా. ఎక్కడికి రావాలో చెప్పు."

థియేటర్ పై అంతస్తులో ఉంది. పొడుగాటి వరండా, ఆ తర్వాత ఏటవాలు దారి. ఒక్కో అడుగుకీ లోపల గాయం తెరుచుకుంటుంది. ఆ ఏటవాలు మొదటికి చేరేలోపే పోతాడు. ఆ మాటే చెప్పాను, దాచకుండా.

"పోతే పోయాను" అన్నాడు. "మోయించుకోను."

నాకు అర్థం కాలేదు. గోడ పక్కన కూర్చున్న హమాలీలందరూ లేచి నిలబడ్డారు. స్ట్రెచర్‌కీ జంటమూటకీ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. మేనల్లుడు తల పట్టుకుని వాళ్ళ ముందుకొచ్చి చెప్పాడు. "మాలో మోసేవాడు మోయించుకోడు సిస్టర్. ఒకసారి నలుగురి చేతుల మీదికి ఎక్కాడంటే వాడి వీపు మీద ఇంకెవడూ మూట పెట్టడు. వాడు గుంపులో ఉండడు. అది మా పద్ధతి."

"నీ పద్ధతి నీళ్ళలో కలవ. అతను చచ్చిపోతున్నాడు."

"నడవనివ్వు మరి. నడుస్తానంటున్నాడు కదా."

నా జన్మలో ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. మనుషుల్ని చంపే జబ్బులు చాలా చూశాను. కానీ నిలబడి చస్తానని పంతం పట్టినవాణ్ణి, వాడి చుట్టూ కాపలా కాసే తోటివాళ్ళని అప్పుడే చూశాను. నేనూ తాతా వాళ్ళని తోసుకుని పోబోయాం. ఎవడో తాత మెడ పట్టుకుని గోడకి కొట్టాడు. ఆయన తల గోడకి ఠప్పున తగిలింది. అయినా ఆ మనిషి స్ట్రెచర్ కర్ర వదల్లేదు. నేను జంటమూట చొక్కా పట్టుకుని లాగాను. అతను కొక్కెం విసిరాడు. నన్ను పొడవాలని కాదు, దగ్గరికి రానివ్వకూడదని. స్ట్రెచర్ గుడ్డ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చిరిగింది. ఆ ఊపుకి అతని మోకాళ్ళు వంగాయి. గోడని పట్టుకుని మళ్ళీ నిలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి. ఆవలించాడు. రక్తం తక్కువైన మనిషి అలాగే ఆవలిస్తాడు.

మేస్త్రి దగ్గరికి పోయాను. ఇందాక నన్ను కొట్టిన ఆ చేతినే పట్టుకుని లాక్కొచ్చాను. ఎందుకో వచ్చాడు. ఆ చేతిని తమ్ముడి చేతి మీద పెట్టాను.

"చూడు. ఇది బతికున్నవాడి చెయ్యిలా ఉందా? మేనల్లుడి కోసం నా బల్ల విరగ్గొట్టావు. మా సిస్టర్ చెయ్యి విరగ్గొట్టావు. చావబోయేది వీడు. వీడి కోసం ఏం విరగ్గొడతావో చూస్తా."

మేస్త్రి ఆ చెయ్యి నొక్కి చూశాడు. ఆయన మొహం చూస్తుండగానే ముడుచుకుపోయింది.

"పడుకోరా" అన్నాడు.

"వద్దన్నా."

"పడుకోమంటున్నా కదరా."

"బాబాయి కాళ్ళ మీద బస్తాల వరస పడ్డప్పుడు నలుగురు మోసుకొచ్చారు" అన్నాడు జంటమూట. ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. "కాళ్ళు బాగయ్యాక వచ్చి నీ కాళ్ళు పట్టుకున్నాడు. నువ్వేమన్నావు? మోయించుకున్నవాడు మేస్త్రి బాబాయైనా ఒకటే అన్నావు. ఆయన మనింటి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే లోపల అన్నం తిన్నాం మనం. ఇప్పుడు నాకోసం మారుస్తావా? వీళ్ళ మొహం ఎలా చూస్తావన్నా?"

మేస్త్రి తన మనుషుల వైపు చూశాడు. ఒక్కడూ చూపు కలపలేదు. మేనల్లుడు ఒక్కడే కలిపాడు.

"రూలు రూలే మామా" అన్నాడు. "బాబాయికి లేని మినహాయింపు తమ్ముడికెలా ఇస్తావు?"

వాడి తల మీద ఇంకో స్టీలు ట్రే విరగ్గొట్టాలనిపించింది. ఎవడి నెత్తురు కోసమైతే ఆయన ఇంత రభస చేశాడో వాడే ఆ మాట అన్నాడు. తాత ఇంకో స్ట్రెచర్ తెచ్చి నేల మీద పరిచాడు. ఆయన నుదుటి నుంచి నెత్తురు కారుతోంది, తుడుచుకోను కూడా లేదు.

మేస్త్రి తమ్ముడి చెయ్యి వదిలేశాడు. వచ్చి, ఆ స్ట్రెచర్ మీద తానే వెల్లకిలా పడుకున్నాడు.

ఏం చేస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. నాకైతే మతి పోయిందేమో అనిపించింది. అంత మనిషి గుడ్డ మీద పడుకుని పైకప్పు చూస్తూ, "ఎత్తండ్రా" అన్నాడు.

హమాలీలు ఒక్కరూ కదల్లేదు. "మామా, లే. ఏంటిది, నలుగురిలో" అన్నాడు మేనల్లుడు.

"ఎత్తమంటున్నానా లేదా?"

"మేమెత్తం."

మేస్త్రి తల పక్కకి తిప్పి గోడ ఆ చివరకి కేక వేశాడు. "ఒరే గడ్డపోడా. నువ్వెత్తు. నీ చెవి కొరికింది నేనే. వచ్చి ఎత్తరా."

గడ్డం డ్రైవరు చెవి పట్టుకునే లేచాడు. ఒకసారి మేస్త్రిని చూశాడు, ఒకసారి గోడ పక్కన కదలకుండా నిలబడ్డవాణ్ణి చూశాడు. ఏం తట్టిందో, నెత్తురు ఉమ్మేసి వచ్చాడు. వెనక ఇంకో డ్రైవరు వచ్చాడు. హమాలీలు వాళ్ళ మీద పడబోయారు. నేనూ తాతా అడ్డం నిలబడ్డాం. నా జుట్టు ఎవడి చేతిలోనో ఉంది, నా మోచెయ్యి ఎవడి ముక్కులోనో ఉంది. ఆ తోపులాటలోనే డ్రైవర్లిద్దరూ స్ట్రెచర్ రెండు చివరలా పట్టుకుని, బూతులు తిట్టుకుంటూ, మేస్త్రిని నేల మీద నుంచి లేపారు. నడుము ఎత్తుకి లేపి, నాలుగడుగులు మోసి, దింపారు.

హాలంతా సద్దుమణిగింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"చూశారు కదా" అన్నాడు తన మనుషులతో. "నన్ను మోశారు. అదీ వీళ్ళు మోశారు. ఇక గుంపులో నేను లేను. మేస్త్రినే కాని నన్ను, తమ్ముడి కోసం రూలు మార్చావని అడిగేవాడెవడో చెప్పండి." తమ్ముడి వైపు తిరిగాడు. "ఇప్పుడు పడుకుంటావా, లేకపోతే నన్ను ఊరికే మోయించావా?"

"ఎంత పని చేశావన్నా" అన్నాడు జంటమూట. కొక్కెం చేతిలోంచి జారింది. ఆ తర్వాత మనిషే జారాడు. మేస్త్రి చంకల కింద పట్టుకుని పడుకోబెట్టాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను.

మేస్త్రి ముందు చివర ఎత్తాడు. వెనక చివర గడ్డం డ్రైవరు ఎత్తాడు. నేను పక్కన పరిగెడుతూ నాడి మీద వేలు పెట్టి ఉంచాను. వెనక మేనల్లుడు ఏదో అరిచాడు, ద్రోహి అనో మరేదో. అద్దం పెంకులు, కుర్చీ కోళ్ళు మా వెనకాల వచ్చి పడ్డాయి. ఒక కోడు డ్రైవరు వీపున తగిలింది, అతను తూలాడు కానీ స్ట్రెచర్ వదల్లేదు. వరండా తలుపులు మూసి గడియ వేయబోతే హమాలీలు అవతలి నుంచి తన్నారు. నా ఎడమ చేతి రెండు వేళ్ళు తలుపు సందులో పడ్డాయి. గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి తర్వాత. అప్పుడు మాత్రం భుజంతో నెట్టి గడియ వేసేశాను. నాలుగు బూతులు కూడా తిట్టాను, ఆస్పత్రిలో తిట్టకూడనివి. అవతల పోలీసుల లాఠీల చప్పుడు మొదలయ్యేసరికి స్ట్రెచర్ ఏటవాలు దారి ఎక్కేసింది.

కడుపు కోస్తే గిన్నెలతో తోడేంత రక్తం ఉందని సర్జనుగారు చెప్పారు. ఎడమ పక్క ప్లీహం చీలింది, తీసేశారు. ఇంకో నాలుగు అడుగులు నడిచి ఉంటే మా బల్ల మీదికి శవమే వచ్చేదన్నారు. మేస్త్రి థియేటర్ బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక పోలీసు. బతుకుతాడని నేనే వచ్చి చెప్పాను. ఆ మాట వినగానే రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నా చెంప ఇంకా భగభగమంటోంది, ఆ మనిషి మీద జాలి పడకూడదని గట్టిగా అనుకున్నాను. పడ్డాను.

సాయంత్రం మేనల్లుడు తలకి కట్టుతో, ఇద్దరు హమాలీలతో వచ్చాడు. బాగోగులు అడగడానికి కాదు. మేస్త్రి గుర్తుగా దండచేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ళ కోసం వచ్చాడు. గుంపు అప్పుడే వాణ్ణి మేస్త్రిని చేసిందట. ఆయన బిళ్ళ విప్పి ఇచ్చాడు. వాడు తీసుకుని, మేనమామ మొహం కేసి చూడకుండా వెళ్ళిపోయాడు.

జంటమూటకి పూర్తిగా తెలివొచ్చింది మర్నాడు కాక ఆ మర్నాడు. పోలీసులు జామీను మీద వదిలితే మేస్త్రి తిన్నగా వార్డుకే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నేను మందు ఎక్కిస్తున్నాను.

"బిళ్ళ ఏదన్నా?" అన్నాడు జంటమూట. మొదటి మాట అదే.

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"మేనల్లుడికి."

 జంటమూట తిట్లు మొదలుపెట్టాడు. నా సర్వీసులో అంత పచ్చి బూతులు వినలేదు. ఎవడు పడుకోమన్నాడురా నిన్ను, నా చావు నేను చస్తుంటే మధ్యలో నీకేం పోయేకాలం, రేపటి నుంచి మీ ఆవిడా పిల్లలూ ఏం తింటారు, మన తాత కట్టుకున్న బిళ్ళని ఆ పనికిమాలినవాడి చేతిలో పెడతావా అని. తిడుతూ తిడుతూ ఏడ్చాడు. ఏడుస్తూ పక్క బల్ల మీద నా స్టీలు ట్రే అందుకున్నాడు. నేను పట్టుకునేలోపే విసిరాడు. అది నేరుగా పోయి అన్న కనుబొమ్మ మీద తగిలింది. చర్మం చీలి నెత్తురు కంట్లోకి దిగింది.

మేస్త్రి కదల్లేదు. నెత్తురు కారుతున్న మొహంతోనే నా వైపు తిరిగాడు. నవ్వుతున్నాడు.

"చూశారా సిస్టర్" అన్నాడు. "చేతిలో బలం పోలేదు వాడికి."

చెవి పట్టుకుని డ్రెస్సింగ్ గదిలోకి లాక్కొచ్చాను. కూర్చోబెట్టి, గాయం కడిగాను. చిన్న కుట్లు నేనే వేస్తాను, డాక్టరుగార్ని పిలవను. నెమ్మది సిస్టర్ కట్టు కట్టిన చేత్తోనే దారం అందించింది. ఆయన ఆ చెయ్యి చూసి తల దించుకున్నాడు.  ఎడమ చేతి వేళ్ళు నొప్పి పెడుతుంటే నా చెయ్యి తిన్నగా ఆడలేదు. గుమ్మం దగ్గర జనం కూడా పోగవుతున్నారు.

"కదలకు. త్వరగా అయిపోగొడతా" అన్నాను.

"నిదానంగా కుట్టండి సిస్టర్" అన్నాడు. "నాకిప్పుడు వెళ్ళాల్సిన చోటేం లేదు."